ప్రతిభ ఎవరి సొత్తు?

తెలివైన పిల్లలకు ప్రత్యేకంగా చదువు చెప్పడం న్యాయమేనా? ఆ చదువు దక్కినవారు తమను ఇతరులకంటే గొప్పవారిగా ఎంచుకోవడం న్యాయమేనా? ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిది బోధనకు సంబంధించింది, రెండోది మనిషి విలువకు సంబంధించింది. తెలుగు ఇళ్లలో ఈ రెండూ కలగలిసిపోయాయి. ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చినప్పటి నుంచి, ఇంటర్‌లో ఏ బ్యాచ్‌లో వేశారో తెలిసేదాకా తల్లిదండ్రులు పడే ఆరాటంలో పిల్లవాడికి తగిన చదువు దొరకాలన్న కోరిక ఎంత ఉంటుందో, నలుగురిలో వెనకబడకూడదన్న భయమూ అంతే ఉంటుంది. ఆ కోరికను ధర్మం ఒప్పుకుంటుంది. ఆ భయాన్నీ, దాని వెనకే వచ్చే గర్వాన్నీ ఒప్పుకోదు. ఈ తేడాకు మన గ్రంథాలు, ఇతర మతాలు, ఆధునిక తత్త్వవేత్తలు చెప్పిన కారణాలు ఒకదానికొకటి బలమిచ్చేవే.

సమస్య స్వరూపం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ (నేటి ఈఏపీసెట్) 1986లో మొదలైంది. ఆ తర్వాత ర్యాంకు అన్నది ప్రతి ఇంట్లోనూ నలిగే మాటయింది. 2024లో జేఈఈ మెయిన్ రాసినవారు 14 లక్షల పైచిలుకు. ఐఐటీలన్నింటిలో కలిపి ఉన్న సీట్లు సుమారు 17,700. ఈ లెక్క తెలిసిన తల్లిదండ్రులు పిల్లవాణ్ణి ఎంత చిన్న వయసులో చేరిస్తే అంత మంచిదనుకుంటారు. చాలా జూనియర్ కళాశాలల్లో వారాంతపు పరీక్షల మార్కులను బట్టి పిల్లల్ని ఐఐటీ బ్యాచ్, మెయిన్స్ బ్యాచ్, ఎంసెట్ బ్యాచ్ అని విడగొడతారు. అనుభవమున్న లెక్చరర్లు పై బ్యాచ్‌లకు వెళతారు. కింది బ్యాచ్‌కు దిగిన పిల్లవాడు ఆ సంగతి ఇంటికి ఫోన్ చేసి చెప్పడానికి జంకుతాడు.

ఫలితాలు వచ్చిన మర్నాడు కూడలిలో ఫ్లెక్సీ వెలుస్తుంది. పైవరుసలో నాలుగైదు పెద్ద ఫొటోలు, వాటి కింద పాస్‌పోర్టు సైజు ఫొటోల బారులు, ఒక్కో ఫొటో కింద పేరు, హాల్‌టికెట్ నంబరు, ర్యాంకు ఉంటాయి. ఐదంకెల ర్యాంకు వచ్చిన పిల్లవాడి ఫొటో అందులో కనిపించదు. అతనూ ఏడాది పొడుగునా అదే మెస్సులో తిన్నాడు, అదే స్టడీ అవర్లో రాత్రి పదింటిదాకా కూర్చున్నాడు. ఇంకో ఇంట్లో తండ్రి హాస్టల్లో వేద్దామంటే తల్లి కళ్లముందే ఉండనిమ్మంటుంది. పెళ్లిలోనో గృహప్రవేశంలోనో "మీవాడికి ఎంతొచ్చింది?" అని అడుగుతారేమోనని శుభకార్యాలకే వెళ్లడం మానుకున్న తల్లిదండ్రులున్నారు. నోట్సు ఎవరికీ ఇవ్వొద్దని పిల్లలకు బోధించే తల్లిదండ్రులూ ఉన్నారు.

భారతీయ కుటుంబాలు స్థిరపడిన అమెరికాలోనూ ఇదే పెనుగులాట. వర్జీనియా రాష్ట్రం ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలో ప్రతిభావంతుల కోసం నడిచే థామస్ జెఫర్సన్ హైస్కూల్‌కు ఉన్న ప్రవేశ పరీక్షను 2020లో తీసేశారు. మరుసటి ప్రవేశాల్లో ఆసియా సంతతి పిల్లల వాటా 73 శాతం నుంచి 54 శాతానికి తగ్గింది. తల్లిదండ్రుల సంఘం ఒకటి కోర్టుకెక్కింది. 2023లో అప్పీలు కోర్టు కొత్త పద్ధతిని సమర్థించింది. 2024లో అక్కడి సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు. పరీక్ష కావాలన్నవారు కష్టపడిన పిల్లలకే సీటు దక్కాలన్నారు. వద్దన్నవారు కోచింగ్ కొనగలిగిన పిల్లలకే అది దక్కుతోందన్నారు. రెండు పక్షాలూ తేల్చమని అడిగింది ఒక్కటే: ఆ సీటుకు అసలు అర్హులెవరు?

ద్రోణుడి ట్యూషన్

ఈ ప్రశ్న కొత్తది కాదు. మహాభారతం ఆదిపర్వంలో ద్రోణుడు గురువే కాదు, తండ్రి కూడా. నీళ్లు తెమ్మని శిష్యులను పంపేటప్పుడు అందరికీ సన్నమూతి కమండలాలు ఇచ్చాడు. కొడుకు అశ్వత్థామకు మాత్రం వెడల్పు మూతి కుండ ఇచ్చాడు. కొడుకు చప్పున నింపుకుని ముందుగా వచ్చేవాడు. మిగిలినవారు వచ్చేలోగా తండ్రి అతనికి అదనపు విద్య చెప్పేవాడు. అర్జునుడు ఇది కనిపెట్టి, వారుణాస్త్రంతో కమండలం నింపుకుని గురుపుత్రుడితో పాటే తిరిగి రావడం మొదలుపెట్టాడు. తరువాత అదే ద్రోణుడు, అర్జునుడికి సాటి ఎవరూ ఉండరన్న మాట నిలబెట్టుకోవడానికి నిషాదుడని తాను చేర్చుకోని ఏకలవ్యుడి బొటనవేలు అడిగాడు.

తండ్రి పక్షపాతం, అది చూసి పోటీ పడే శిష్యుడు, వాకిట్లోకే రానివ్వని మరో శిష్యుడు: నేటి గొడవంతా ఈ కొద్ది ఘట్టాల్లోనే ఉంది. వ్యాసుడు దాని పర్యవసానాన్ని సౌప్తికపర్వం దాకా తీసుకెళ్లి చూపాడు. ద్రోణుడు బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని అర్జునుడికి సంతోషంతో ఇచ్చాడు. అది చూసి ఓర్వలేక కొడుకూ అడిగితే, మనసొప్పకపోయినా ఇచ్చాడు. మనుషుల మీద వేయవద్దని మాత్రం హెచ్చరించాడు. యుద్ధం చివర ఇద్దరూ ఆ అస్త్రాన్ని వదిలారు. వ్యాసుడు, నారదుడు అడ్డుపడి ఉపసంహరించమంటే అర్జునుడు వెనక్కి తీసుకోగలిగాడు. అశ్వత్థామకు అది చేతకాలేదు. చివరికి ఆ అస్త్రాన్ని పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్లించాడు. విద్య ఇద్దరికీ ఒకటే అందింది. నిగ్రహం మాత్రం ఒకరికే అబ్బింది. పక్కవాడిని మించాలన్న తపనతో సంపాదించిన విద్య ఎటు పోతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

తల్లిదండ్రుల వాదం

తల్లిదండ్రుల పక్షాన ఉన్న వాదాన్ని తేలిగ్గా తీసేయకూడదు. అందులో మూడు అంశాలున్నాయి. పిల్లవాడు నిద్ర మానుకుని చదివాడు కాబట్టి ఫలితం అతనిదే అన్నది మొదటిది. తెలివి పూర్వజన్మ సుకృతం, దాన్ని కాదనడానికి మనమెవరమన్నది రెండోది. సాధన మధ్యలో తప్పిపోయిన యోగభ్రష్టుడు మంచి వంశంలో పుట్టి, వెనకటి జన్మలోని బుద్ధిని తిరిగి పొందుతాడని గీత ఆరో అధ్యాయం చెప్పే మాట దీనికి ఆధారం. దేశానికి మంచి వైద్యులు, ఇంజినీర్లు కావాలంటే మెరికల్ని ఏరి పదును పెట్టక తప్పదన్నది మూడోది.

మూడో అంశంతో ఎవరికీ పేచీ ఉండనక్కరలేదు. అది పనికి తగిన మనిషిని వెతకడం గురించి చెబుతోంది. అంతమాత్రాన ఎంపికైనవాడు ఎక్కువ, కానివాడు తక్కువ అని తేలదు. మొదటి రెండూ మాత్రం అర్హత గురించినవి. వాటినే లోతుగా చూడాలి.

ర్యాంకు వెనక ఐదుగురు

గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు చెప్పారు: అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, దైవం. ఇన్ని ఉండగా తానొక్కడే చేశాననుకునేవాడు ఉన్నదాన్ని ఉన్నట్టు చూడడం లేదని వెంటనే చెప్పారు. ఈ విశ్లేషణను ఒక ర్యాంకుకు వర్తింపజేస్తే చిత్రం మారిపోతుంది.

అధిష్ఠానం అంటే శరీరమని శంకరులు వివరించారు. రోజుకు పన్నెండు గంటలు కూర్చోగలిగిన ఆ శరీరం వెనక తల్లి గర్భం నాటి తిండి, చిన్ననాడు వేయించిన టీకాలు, ఇంట్లో దొరికిన నిద్ర ఉన్నాయి. కర్త అంటే నేను చేశానని అనుకునేవాడు. ఐదింటిలో అతనూ ఒకడు. కరణాలు ఇంద్రియాలు, మనసు. జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను ఎవరూ బజారులో కొనుక్కోలేదు, పరీక్ష రాసి గెలుచుకోనూ లేదు. చేష్టల్లో పిల్లవాడి శ్రమ తప్పకుండా ఉంది. ఆ శ్రమకు వీలు కల్పించినవారి శ్రమ కూడా ఉంది. ఒకటో తరగతిలో అక్షరాలు దిద్దించిన టీచరు, నాలుగింటికే లేచి హాస్టల్లో టిఫిన్ వండిన మనిషి, ఫీజు కోసం పొలం తాకట్టు పెట్టిన తండ్రి ఆ చేష్టల్లో భాగస్వాములే.

ఐదోది దైవం, అంటే మనిషి చేతిలో లేనిది. ఎంసెట్‌లో ఇద్దరికి అన్నివిధాలా సమానంగా మార్కులొస్తే చివరికి పుట్టినతేదీ చూసి, వయసులో పెద్దవారికి ముందు ర్యాంకు ఇస్తారు. నాలుగు రోజులు ముందు పుట్టడం ఎవరి ప్రతిభా కాదు. అయినా ఆ ఒక్క అంకె తేడాను ప్రతిభగానే లెక్కిస్తారు. పరీక్షనాటి జ్వరం, ముందురోజు చదివిన లెక్కే పేపర్లో రావడం ఈ కోవలోవే.

అమెరికన్ తత్త్వవేత్త జాన్ రాల్స్ 1971లో ప్రచురించిన న్యాయ సిద్ధాంత గ్రంథంలో వేరే దారిలో దాదాపు ఇక్కడికే చేరాడు. పుట్టుకతో వచ్చే తెలివిని ఎవరూ సంపాదించుకోలేదు. కష్టపడే స్వభావం కూడా చాలావరకు పెరిగిన కుటుంబాన్ని బట్టే వస్తుంది. కాబట్టి ప్రతిభ సమాజానికంతటికీ ఉపయోగపడవలసిన ఉమ్మడి ఆస్తి లాంటిదని ఆయన వాదం. రాబర్ట్ నోజిక్ 1974లో దీన్ని గట్టిగా ఖండించాడు. నా తెలివిని నేను సంపాదించకపోయినా అది ఇంకొకరి దగ్గర దొంగిలించిందేమీ కాదు, దాని ఫలం నాదేనన్నాడు. ఈ ఖండనలో బలముంది. పిల్లవాడి సీటును లాక్కోవడానికి ఐదు కారణాల సిద్ధాంతం ఆయుధం కారాదు. సీటు అతనిదే. అది తన ఒక్కడి ఘనత అన్న భావనే నిలబడదు.

అయితే చదవడం ఎందుకు?

ఇక్కడొక సందేహం సహజం. ఫలితం ఇంతమంది చేతుల్లో, పైగా దైవం చేతిలో ఉంటే కష్టపడడమెందుకు? అనుశాసనికపర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి ఇదే అడిగాడు: దైవం గొప్పదా, పురుషప్రయత్నం గొప్పదా? భీష్ముడు చెప్పిన సమాధానంలో దైవం విత్తనం, ప్రయత్నం పొలం. రెండూ కలిస్తేనే పంట. యోగవాసిష్ఠం ముముక్షు ప్రకరణమైతే పౌరుషాన్ని ఇంకా గట్టిగా సమర్థించి, అంతా దైవమేనని చేతులు ముడుచుకునేవారిని మందలిస్తుంది. శ్రమ మనిషి ధర్మమని, ఫలం మీద సర్వహక్కులు తనవేననడం అజ్ఞానమని ఈ గ్రంథాలు చెప్పే మాటల సారం. పిల్లవాణ్ణి చదవమని చెప్పడానికి పక్కింటి పిల్లవాడి ర్యాంకు చూపించనక్కరలేదు. చదువే అతని ధర్మమని చెబితే సరిపోతుంది.

గర్వం మీద మతాల మాట

కేనోపనిషత్తులో దేవతలు ఒకసారి గెలిచారు. ఆ గెలుపు తమదేనని పొంగిపోయారు. అప్పుడు వారి ఎదుట ఒక యక్షరూపం నిలిచింది. అదేమిటో తెలుసుకోవడానికి అగ్నిని పంపారు. దేన్నైనా దహిస్తానన్న అగ్ని ముందు యక్షం ఒక గడ్డిపరక పెట్టింది. దాన్ని అతను కాల్చలేకపోయాడు. వాయువు దాన్ని కదపలేకపోయాడు. ఇంద్రుడు వెళ్లేసరికి యక్షమే లేదు. అక్కడ ఉమాహైమవతి కనిపించి, ఆ గెలుపు బ్రహ్మానిదని చెబితే గాని వారికి తెలియలేదు. ఈ కథలో అగ్నికి శక్తి లేదని ఎవరూ అనలేదు. ఆ శక్తికి మూలం తానేననుకోవడమే తప్పయింది. పోతన తన భాగవతానికి కర్తృత్వాన్ని రాముడికి వదిలేసింది ఈ ఎరుకతోనే.

ఖురాన్‌లో ఖారూన్ అనే ధనికుడి వృత్తాంతం ఉంది. తనకు దక్కిందంతా తన జ్ఞానం వల్లనే దక్కిందని అతను అన్నాడు. చివరికి ఇల్లుతో సహా భూమిలో కుంగిపోయాడు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో, మీకున్నదాంట్లో ఇతరుల నుంచి పొందనిదేముంది, పొందినదాని గురించి పొందనట్టు ఎందుకు అతిశయిస్తారని నిలదీశాడు. సిద్ధాంతాల్లో ఎన్నో భేదాలున్న మతాలు ఈ ఒక్క చోట ఒకే మాట చెబుతున్నాయి.

బ్రిటన్‌లో 1944 విద్యాచట్టం తరువాత పదకొండేళ్ల పిల్లల్ని పరీక్ష పెట్టి వేర్వేరు బడులకు పంపే పద్ధతి స్థిరపడింది. దాన్ని దగ్గరగా చూసిన సామాజికవేత్త మైకేల్ యంగ్ 1958లో ‘ది రైజ్ ఆఫ్ ది మెరిటోక్రసీ’ రాశాడు. తెలివికి శ్రమను కలిపి ప్రతిభగా కొలిచే సమాజం చివరకు ఎలా తయారవుతుందో అందులో ఊహించి హెచ్చరించాడు. గెలిచినవారు ఎవరికీ రుణపడలేదనుకుంటారు. ఓడినవారు తమ అల్పత్వం రుజువైపోయిందనుకుంటారు. ఈ రెండో నష్టం మరీ లోతైనది. పుట్టుక వల్ల వెనకబడినవాడు లోకాన్ని తప్పుపట్టగలడు. పరీక్షలో వెనకబడినవాడు తననే తప్పుపట్టుకుంటాడు.

చూళపంథకుడు

మందబుద్ధి అనిపించుకున్నవాడి కథ బౌద్ధ జాతక సాహిత్యంలో ఉంది. మహాపంథకుడు, చూళపంథకుడు అన్నదమ్ములు. అన్న మేధావి. తమ్ముడికి నాలుగు నెలలు చదివినా ఒక్క గాథ కంఠస్థం కాలేదు. సంఘానికి పనికిరావని అన్నే అతణ్ణి వెళ్లిపొమ్మన్నాడు. వైద్యుడు జీవకుడి ఇంట భిక్షకు పిలుపు వస్తే తమ్ముణ్ణి మినహాయించి లెక్క చెప్పాడు. వెళ్లిపోతున్న చూళపంథకుణ్ణి బుద్ధుడు ఆపి, తెల్లని గుడ్డపీలిక చేతికిచ్చి, మురికి పోవాలని అనుకుంటూ దాన్ని రుద్దుతూ కూర్చోమన్నాడు. చేతుల్లో గుడ్డ మాసిపోతుంటే అతనికి అనిత్యం అర్థమైంది. అతను అర్హతుడయ్యాడు. అక్కడ జీవకుడి ఇంట దానోదకం పోయబోతుంటే బుద్ధుడు భిక్షాపాత్ర మీద చేయి అడ్డుపెట్టి, విహారంలో ఇంకా ఒక భిక్షువున్నాడని చెప్పి పిలిపించాడు.

ఈ కథ కర్మవాదానికి కూడా సమాధానం చెబుతుంది. చూళపంథకుడికి ఆ మాంద్యం ఎందుకు వచ్చిందంటే, వెనకటి జన్మలో, కాశ్యప బుద్ధుడి కాలంలో అతను మేధావిగా ఉండి, పాఠం రాక తడబడుతున్న తోటి భిక్షువును చూసి నవ్వినందుకట. తెలివి పూర్వజన్మ ఫలమని నమ్మేవారు, ఆ తెలివితో చేసే ఎగతాళికీ ఫలముంటుందని నమ్మాలి. గీత మూడో అధ్యాయం ఇంకొక మెట్టు పైకి వెళుతుంది. తనకు ఇచ్చినదాన్ని తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాణ్ణి దొంగ అంటుంది. సుకృతం వల్ల వచ్చిన తెలివైనా దాంతో పాటు రుణం కూడా వస్తుంది.

తగిన చదువు, తగని వివక్ష

అందరికీ ఒకే పాఠం ఒకే వేగంతో చెప్పాలని దీని అర్థం కాదు. అధికారిభేదం మన సంప్రదాయంలో పాతదే. శిష్యుడి సంసిద్ధతను బట్టి బోధ మారుతుంది. బుద్ధుడు చూళపంథకుడికి గాథ మాన్పించి గుడ్డ ఇచ్చిందీ అందుకే. ఇదే సూత్రాన్ని పుట్టుకను బట్టి వాడినప్పుడు ఏకలవ్యుడికి జరిగింది జరుగుతుంది. శిష్యుణ్ణి బట్టి వాడినప్పుడు సత్యకామ జాబాలికి జరిగింది జరుగుతుంది. తండ్రి గోత్రం తెలియదని నిజం చెప్పిన ఆ కుర్రవాణ్ణి, ఆ నిజం కోసమే గౌతముడు శిష్యుడిగా చేర్చుకున్నాడని ఛాందోగ్యం చెబుతుంది. లెక్కల్లో ముందున్న పిల్లకు పైస్థాయి లెక్కలివ్వడం అధికారిభేదం. వెనకబడిన పిల్లవాడికి అనుభవమున్న మాస్టారిని దూరం చేయడం వివక్ష.

ప్రతిభను రుణంగా చూసిన ప్రయత్నాలు మన దగ్గర ఉన్నాయి. పీవీ నరసింహారావు చొరవతో 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల వెలిసింది. పల్లెటూళ్లలోని చురుకైన పేద పిల్లలకు అక్కడ తిండి, బస, చదువు ఉచితంగా దొరికాయి. 1986 జాతీయ విద్యావిధానంతో వచ్చిన నవోదయ విద్యాలయాల్లో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులవే. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పదో తరగతి ఫలితాలతోనే పిల్లల్ని చేర్చుకుంది. ప్రభుత్వ బడుల్లో చదివినవారి గ్రేడ్ పాయింట్ సగటుకు 0.4 కలిపింది. పరీక్షలో కనబడని అధిష్ఠానాన్నీ చేష్టలనూ లెక్కలోకి తెచ్చిన చిన్న అంకె అది.

చట్టం కూడా ఆలస్యంగానైనా ఇటు నడుస్తోంది. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో పదహారేళ్లలోపు పిల్లల్ని కోచింగ్ కేంద్రాల్లో చేర్చుకోవద్దని మార్గదర్శకాలిచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానాలని విద్యాసంస్థలను ఆదేశించింది. కోర్టు ఉత్తర్వు తరగతి గది దాకానే వెళ్లగలదు. భోజనాల దగ్గర అన్నదమ్ముల పిల్లల మార్కులు పోల్చే అలవాటును ఏ ఉత్తర్వూ ఆపలేదు.

తల్లిదండ్రుల ధర్మం

పిల్లవాడి శక్తిని గుర్తించి దానికి తగిన చదువు వెతకడం తల్లిదండ్రుల ధర్మం. ఆ వెతుకులాటలో తమ పరువును కలపకపోవడం కూడా ధర్మమే. మంచి ర్యాంకు వచ్చిన పిల్లకు ఆ ర్యాంకు వెనక ఎవరెవరున్నారో పేరుపేరునా చెప్పాలి. ఆమె నోట్సు వెనక బెంచీ వాళ్లకూ ఇప్పించాలి. ర్యాంకు రాని పిల్లవాడికి వచ్చింది ఒక పరీక్ష ఫలితమేనని, అతని విలువ మీద తీర్పు కాదని చెప్పాలి. ఆ మాట ఫలితాలు వచ్చాక ఓదార్పుగా కాక, బడిలో చేర్చిన రోజు నుంచే ఇంటి మాటగా ఉండాలి. ప్రతిభ ఏ ఒక్కరి సొత్తూ కాదు. దాన్ని అందుకున్నవారు నలుగురికీ పంచవలసినవారే గాని, నలుగురినీ కొలవవలసినవారు కారు.